ఎడమ మడమ

లక్మే చేతుల్లోకి వచ్చిన ఏ పసిబిడ్డకైనా ఈ లోకంలో జరిగే మొట్టమొదటి మర్యాద ఒకటుంది. బొడ్డు కోసి, ఒళ్లు తుడిచాక, ఆమె బిడ్డ ఎడమ కాలు పట్టుకుని పైకెత్తి మడమ చూస్తుంది. వెలుతురు చాలకపోతే గుమ్మం దాకా తీసుకుపోయి మరీ చూస్తుంది. చూశాక కాలు మెల్లగా దించి, గుడ్డలో చుట్టి తల్లి పక్కన పడుకోబెడుతుంది. ఆడపిల్లా మగపిల్లాడా అని బయట నిలబడి అడిగేవాళ్లకు జవాబు ఆ తర్వాతే.

ఎర్రబోరు చుట్టుపక్కల ఊళ్లలో దీనికి మడమ టెస్టు అని పేరు పడిపోయింది. లక్మే ఎర్రబోరు మితానిన్. సర్కారు పెట్టిన ఆ పేరుకు అర్థం స్నేహితురాలని. పని మాత్రం కాన్పులకు తోడు పోవడం, జ్వరాలొస్తే వేలు గుచ్చి కిట్టు మీద మలేరియా ఉందో లేదో చూడడం, మందుల పెట్టె మోయడం, మందు మింగనివాళ్లను తిట్టడం. స్నేహితురాలు తిట్టకూడదని ఎక్కడా రాసి లేదు. ఆమెను చూసి పక్క ఊళ్ల మితానిన్‌లు కూడా బిడ్డల ఎడమ మడమలు చూడడం మొదలుపెట్టారు. ఎందుకమ్మా అంటే, "లక్మే దీదీ చూస్తది గదా. ట్రైనింగ్‌ల చెప్పినట్టున్నరు. ఆ దినం మేం పోలే" అని జవాబు. ఆరోగ్య ఉపకేంద్రానికి కోంటా నుంచి కొత్తగా వచ్చిన నర్సు స్రవంతి తాను చదివిందంతా నెమరు వేసుకుంది. ఎడమ మడమలో బయటపడే జబ్బేదీ గుర్తుకు రాలేదు. అడిగితే తన చదువు పలచనైపోతుందేమోనని చాన్నాళ్లు నోరు మూసుకుని, తనూ చూసేది.

జబ్బూ లేదు, టెస్టూ లేదు. లక్మే చనిపోయిన తన కూతురి కోసం వెతుకుతోంది.

ఆ పిల్ల పేరు అమ్ము. ఇరవయ్యేళ్ల కిందటి మాట. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి జనం రోడ్డు పక్కన క్యాంపులో రేకుల కింద తలదాచుకున్న రోజులు. ఎవరు పొమ్మన్నారు, ఎవరు రమ్మన్నారు అన్నది వేరే గొడవ, దాని జోలికి ఈ కథ పోదు. ఆ వానాకాలంలో అమ్ముకు జ్వరం వచ్చింది. ఐదేళ్ల పిల్ల. పొద్దున అంబలి తాగి, ఆడుకోవడానికి పోతానని మారాం చేసింది. మధ్యాహ్నానికి తల్లి ఒళ్లో కళ్లు మూసింది, మళ్లీ తెరవలేదు. అప్పటికి లక్మే మితానిన్ కాదు. ఆ జ్వరం దోమ నుంచి వస్తుందని ఆమెకు అప్పటికెవరూ చెప్పలేదు.

లక్మే వాళ్లింట్లో తరతరాలుగా ఒక ఆనవాయితీ ఉంది. చిన్నపిల్లలు పోతే, పాతిపెట్టే ముందు కన్నతల్లి కుండ అడుగు మసిని వేలికి తీసి, ఇప్పనూనెలో కలిపి, బిడ్డ ఒంటి మీద ఎక్కడో ఒకచోట గుర్తు పెడుతుంది. బిడ్డ మళ్లీ ఎవరో ఒకరి కడుపున పుడుతుందని, పుట్టేటప్పుడు ఆ గుర్తును మచ్చగా తెచ్చుకుంటుందని నమ్మకం. గుర్తు పెట్టేటప్పుడు మిగతావాళ్లంతా అటు తిరిగి నిలబడాలి. ఎక్కడ పెట్టిందో తల్లి ఎవరికీ చెప్పకూడదు, మొగుడికి కూడా. రేపు మచ్చ ఉన్న బిడ్డ ఎవరింట పుట్టినా, ఇది నేను పెట్టిన గుర్తే అని చెప్పే హక్కు ఆ ఒక్క నోటికే ఉంటుంది. ఎవరూ దొంగసాక్ష్యం చెప్పడానికి వీల్లేకుండా పెద్దలు చేసిన ఏర్పాటు అది. అయితే ఉన్న ఒక్క సాక్షీ పొరబడితే ఏం చేయాలన్నది ఆ పెద్దలకు తోచినట్టు లేదు.

లక్మే ఎడమ మడమ మీద పెట్టింది. అమ్ముకు నడక తెలియదు, ఎప్పుడూ పరుగే. ఆ కాళ్లతోనే తిరిగి రమ్మని అక్కడ పెట్టింది.

ఊళ్లోకి తిరిగొచ్చాక మళ్లీ ఇల్లు వేసుకున్నారు. మళ్లీ పొలం దున్నారు. పిల్లలు మాత్రం మళ్లీ కలగలేదు. మితానిన్ పనికి మనిషి కావాలన్నప్పుడు లక్మే తానే ముందుకొచ్చింది. ట్రైనింగులో చెప్పిందల్లా నమ్మింది, నమ్మడమే కాదు, ఊరి చేత నమ్మించింది. జ్వరమొస్తే కోడిని చంకలో పెట్టుకుని ఊరి పూజారి వడ్డె దగ్గరికి బయల్దేరేవాళ్లకు దారిలో అడ్డం నిలబడేది. "కోడిని నేను పట్టుకుంట, నువ్వు వేలియ్యి" అనేది. చివరికి వడ్డెకే చలిజ్వరం వస్తే ఆయన వేలూ గుచ్చింది. అప్పట్నుంచి ఆయన జ్వరాలన్నింటినీ నేరుగా ఈమె ఇంటికే పంపిస్తున్నాడు, కోడి మాత్రం తన దగ్గర దించుకుంటాడు.

అలాంటి మనిషి మడమ దగ్గరికొచ్చేసరికి ట్రైనింగు మాట ఎత్తేది కాదు. దోమ కుడితే జ్వరమొస్తుంది, మసి పెడితే బిడ్డ తిరిగొస్తుంది. ఈ రెండు మాటలూ ఆమెలో పక్కపక్కనే, ఒకదాన్నొకటి పలకరించుకోకుండా, ఇన్నేళ్లూ కాపురం చేశాయి.

ఈ ఏడు భాద్రపదంలో సుక్కి కోడలు మంగికి నొప్పులొచ్చాయి. సుక్కిది లక్మే ఊరే, వాగు దగ్గర చివరిల్లు. కబురందిన వెంటనే లక్మే ఫోన్ చేసి మహతారి బండిని రప్పించింది. కాన్పుల కోసం తిరిగే ఆ బండిలో మంగిని ఉపకేంద్రానికి చేర్చింది. మధ్యాహ్నం, వాన రేకుల మీద మోత మోగిస్తుండగా, మంగి ఆడపిల్లను కన్నది. స్రవంతి బొడ్డు కోసి బిడ్డను లక్మేకు అందించింది. లక్మే తుడిచింది. అలవాటు కొద్దీ ఎడమ కాలెత్తింది.

మడమ మీద మచ్చ ఉంది. బొటనవేలు ఒత్తినంత, నల్లగా, కొంచెం ఒక పక్కకు జారినట్టుగా ఉంది.

లక్మే గుమ్మం దగ్గరికి పోయింది. గుడ్డ తడిపి తుడిచింది. అది పోలేదు. బిడ్డను పట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్లుగా వెతికిన మనిషి, దొరికితే ఏం చేయాలో మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఆమెకు సంతోషం కలగలేదు, అంతకన్నా పెద్దదేదో కలిగింది. ఏదో చెయ్యి నేల లోపలి నుంచి వచ్చి తన చేతిని తాకినట్టు, తాను ఎన్నడో పంపిన కబురు చేరిందని జవాబొచ్చినట్టు అనిపించింది. నోట్లోంచి "అమ్ము" అన్న మాట ఆమె ప్రమేయం లేకుండానే వచ్చేసింది. మంచం మీద ఉన్న మంగి తల తిప్పి చూసింది.

ఆ క్షణం నుంచి లక్మేకు ప్రపంచమంతా సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది. అమ్ము పోయిన రోజు వాన, ఈ పిల్ల వచ్చిన రోజూ వాన. భాద్రపదంలో వాన పడని రోజు ఏదని ఎవరైనా అడిగి ఉంటే ఆమె దెబ్బలాడి ఉండేది. అమ్ము పోయిందీ మధ్యాహ్నమే, ఈ పిల్ల వచ్చిందీ మధ్యాహ్నమే. మంగి చిన్నప్పుడు అదే క్యాంపులో అమ్ముతో కలిసి మట్టిలో ఆడేది. మంగికి ఆ సంగతి గుర్తు లేకపోయినా లక్మేకు ఉంది. ఏడుస్తున్న పిల్ల లక్మే ఎత్తుకోగానే ఊరుకుంది. లక్మే ఎత్తుకుంటే ఊరుకోని పిల్ల ఆ చుట్టుపక్కల ఇంతవరకు పుట్టలేదు, కానీ ఆ మాట ఇప్పుడు ఆమెకు తట్టలేదు. ఇంటికి పోతుంటే దారిలో ఒక ఉడుత ఎదురొచ్చి ఆగి చూసింది. దాన్ని కూడా ఆమె సాక్షుల్లో కలిపేసుకుంది.

మర్నాడు ఉపకేంద్రంలో లక్మే మొదటిసారి స్రవంతికి మడమ సంగతి చెప్పింది. స్రవంతి నవ్వలేదు. అంతా విని, బిడ్డ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"పుట్టుమచ్చలు మస్తుమందికి ఉంటయి లక్మే అక్కా. కొన్ని రెండు మూడేండ్లకు మాసిపోతయి కూడా" అంది.

"మచ్చ మాసిపోతే, వచ్చిన పిల్ల కూడా పోయినట్టా సిస్టర్?"

స్రవంతి ఆ పాదాన్ని గుడ్డలో కప్పుతూ అంది. "నా నర్సింగ్ పరీక్షప్పుడు గేటు కాడ ఆవు ఎదురొచ్చింది అక్కా. పాసయిత అనుకున్న, పాసయిన. ఇప్పటికీ ఆవు కనపడితే దండం పెడత. కానీ ఆవు ఎదురొచ్చి కూడా పని కాని దినాలు ఎన్ని ఉన్నయో నాకు యాదికే లేదు. అవి మనసుల నిలవయి."

లక్మేకు ఆ మాట నచ్చలేదు. ఆవు వేరు, అమ్ము వేరు అనుకుని లేచి వచ్చేసింది.

ఊళ్లోకి కబురు ఆమె కన్నా ముందే చేరింది. ఉపకేంద్రంలో ఆమె నోరు జారిన మాట మంగి విన్నది, మంగి తన అత్త సుక్కికి చెప్పింది, సుక్కి చెప్పాక ఇంకెవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. అమ్ము తిరిగొచ్చిందట అని ఇంటింటా అనుకున్నారు. ముసలివాళ్లు లక్మేను చూసి చేతులు జోడించారు. ఆమె దగ్గర ఇన్నేళ్లూ తిట్లు తిని మందు మింగినవాళ్లు కూడా, పోనీలే, దేవుడు చూశాడు అన్నారు. ఇక బొడ్డు ఊడి పేరు పెట్టే రోజున, గుర్తు పెట్టిన తల్లిగా లక్మే అందరి ముందు ఔను అనడమే మిగిలింది. ఆమె ఔనంటే ఆ పిల్ల అమ్ము అవుతుంది. ఆ పేరే పెడతారు. ఆ పిల్లకు ఇద్దరు తల్లులుంటారు.

రెండు రోజులు ఆ మాట తీపిగానే ఉంది. మూడోనాడు మంగిని చూడడానికి పోతే, సుక్కి బయటికి పోయిన సమయం చూసి మంగి ఆమెను అడిగింది.

"లక్మే అత్తా, ఒక్క మాట అడుగుత, కోపం చేయకు. ఏ ఈడుల పోయినోళ్లు మళ్లొస్తే, ఆ ఈడు రాంగనే మళ్లా పోతరంటరు గదా. అమ్ముకు ఐదేండ్లే గదా. ఇదీ ఐదేండ్లే ఉంటదా?"

ఆ మాట ఊళ్లో ఎప్పటినుంచో ఉన్నదే. లక్మే కూడా చిన్నప్పటి నుంచి వింటూ ఉన్నదే. తన నమ్మకంలో సగాన్ని పట్టుకుని రెండో సగాన్ని ఎట్లా మరిచిపోయిందో ఆమెకే అర్థం కాలేదు. తాను ఔను అంటే, ఆ ఔను ఈ పిల్ల నెత్తిన పడుతుంది. ఈ పిల్లకు జలుబు చేసినా మంగి బెదిరిపోతుంది. ఐదో ఏడు దాటేదాకా ఆ ఇంట్లో కంటి నిండా నిద్ర ఉండదు. తనకు కూతురు దొరుకుతుంది, మంగికి భయం దొరుకుతుంది.

"ఉత్త మాటలు, మనసుల పెట్టుకోకు" అంది లక్మే. అని పిల్లను ఎత్తుకుంది. ఎడమ మడమ మళ్లీ చూసింది. ఏమనుకుందో ఏమో, జీవితంలో మొదటిసారి ఒక పిల్ల కుడి మడమ కూడా చూసింది. అది తెల్లగా, నునుపుగా ఉంది.

మచ్చ నిజంగా అమ్ముదే అయితే దాచడం పాపం. కాకపోతే చెప్పడం అంతకన్నా పాపం. అందుకని ఆమెకు నిజం తేల్చుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో తేల్చుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు, నమ్మితే సరిపోయింది.

ఇంటికొచ్చేసరికి బుధ్రాం పంచలో కూర్చుని చేపలు పట్టే వెదురు బుట్ట అల్లుతున్నాడు. ఆమె మొగుడు మాటలు తక్కువ మనిషి. ఊరంతా అమ్ము వచ్చిందంటున్నా ఈ మూడు రోజుల్లో అతను ఆ ఊసెత్తలేదు. అది లక్మేకు కష్టంగానే ఉంది.

"ఏందయ్యా, బిడ్డ వచ్చిందని అందరంటుంటే నువ్వొక్కడివి పోయి చూడవేంది?" అంది.

బుధ్రాం చేతిలో బద్ద పక్కన పెట్టాడు.

"యే కాలుకున్నది మచ్చ?"

"ఎడమ కాలు. మడమ మీద. ఇంకా దాపెందుకు, నేను పెట్టింది ఆడనే."

అతను నేల వైపు చూస్తూ చెప్పాడు. "అందరితోని నేనూ అటు దిక్కే తిరిగిన లక్మే. కానీ ఎత్తుకపోయింది నేనే గదా. నడుస్తుంటే గుడ్డ జారి కాళ్లు బయటకొచ్చినయి. వానల తడుస్తయని కప్పిన. అప్పుడు చూసిన. చూడొద్దని నాకెరుకే. మసి కుడికాలుకు ఉండె."

"ఎడమ" అంది లక్మే.

"కుడి. నా బనియన్‌కంటింది. ఈ పక్క." అతను తన పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూపించాడు. చెయ్యి అక్కడే చాలాసేపు ఉంచుకున్నాడు.

లక్మే గొడవ పడింది. మగవాళ్లకు ఏం తెలుసునంది, అటు తిరిగి నిలబడాల్సినవాడు చూడడమేంటంది, ఇన్నేళ్లు చెప్పకుండా ఇప్పుడు ఆశ తుంచడానికి చెబుతున్నావా అంది. బుధ్రాం ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. అతను వాదించి ఉంటే ఆమెకు తేలికయ్యేది. ఊరుకున్నాడు కాబట్టి ఆమె లోపలికి పోయి తలుపు మూసుకోవాల్సి వచ్చింది.

లోపల ఆమె ఒక కంబళి మడిచి ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఆ రోజు ఎట్లా కూర్చుందో అట్లా కూర్చుంది. తల ఇటుందా, అటుందా? తల ఎడమ చేతి వైపు ఉంటే, మసి వేలు కుడి చేతిది కాబట్టి, దగ్గరికొచ్చే కాలు ఒకటి. తల అటుంటే రెండో కాలు. కంబళిని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఎటు తిప్పినా సరిగ్గానే ఉన్నట్టుంది. కళ్లు మూసుకుని జ్ఞాపకాన్నే చూద్దామనుకుంది. అదిగో మడమ, అదిగో మసి, కొంచెం ఒక పక్కకు జారి, కిటికీలోంచి పడుతున్న వెలుతురులో స్పష్టంగా కనిపిస్తోంది.

కిటికీ ఎక్కడిది? క్యాంపులో ఆ రేకుల పాకకు కిటికీ లేదు.

కిటికీ ఉన్నది ఉపకేంద్రానికి. ఒక పక్కకు జారిన మచ్చ మంగి కూతురిది. ఇరవయ్యేళ్ల కిందటి తన బిడ్డ కాలు చూద్దామని తలుపు తీస్తే లోపల మూణ్ణాళ్ల కిందటి పిల్ల కాలు కనబడుతోంది. అసలు అమ్ము పాదం ఎట్లా ఉండేదో, వేళ్లు పొడుగో పొట్టో, ఎంత వెతికినా దొరకలేదు. లక్మే కంబళిని గుండెకు అదుముకుని కూర్చుంది. బిడ్డ పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు వేరు, ఇప్పుడొచ్చిన ఏడుపు వేరు. ఇన్నేళ్లూ ఎవరిని నమ్ముకుని బతికిందో ఆ సాక్షి తనే, ఆ సాక్షికి ఏమీ గుర్తు లేదు.

మర్నాడు పోషకాహారం పొట్లాలు ఇవ్వడానికి అంగన్‌వాడీకి పోయింది. వాన వెలిసి ఎండ కాస్తోంది. పిల్లలు వాకిట్లో బురదలో పరుగులు తీస్తున్నారు. అక్కడున్నవాళ్లలో చాలామంది లక్మే చేతుల మీదుగా లోకంలోకి వచ్చినవాళ్లే. వెనక రోడ్డు మీద సైకిళ్లేసుకుని బడికి పోతున్న పెద్ద పిల్లలూ ఆమె తుడిచి గుడ్డలో చుట్టినవాళ్లే. అందరి ఎడమ మడమలూ చూసింది. ఒక్కరి కుడి మడమ కూడా చూడలేదు.

ఆ ఆలోచన వచ్చేసరికి లక్మే స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. బుధ్రాం చెప్పింది నిజమైతే, మసి కుడికాలిదే అయితే, అమ్ము ఎప్పుడో వచ్చేసి ఉండొచ్చు. ఆమె చేతుల్లోనే పుట్టి, ఆమె చూస్తుండగానే పెరిగి, ఈ వాకిట్లోనే ఆడి ఉండొచ్చు. జ్వరమొచ్చి ఆమె చేతనే వేలు గుచ్చించుకుని ఉండొచ్చు. మందు మింగనని మారాం చేస్తే ఆమె చేతనే తిట్లు తిని ఉండొచ్చు. లేదా రానే లేదేమో, ఎవరూ ఎన్నడూ రారేమో. ఏది నిజమో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఎదురుగా ఇంతమంది పిల్లలు, అన్ని కాళ్లూ బురదలో ఒకటే రంగు. ఆమెకు భయం వేసింది, ఆ భయంలో ఎక్కడో గొప్ప సంతోషమూ ఉంది. దేవుడి గుడి ముందు కూడా ఆమె ఎన్నడూ అట్లా చేతులు జోడించలేదు. పొట్లాలు పంచే ఆయా, "ఏమైంది దీదీ, కళ్లు తిరుగుతున్నయా?" అని మంచినీళ్లు తెచ్చిచ్చింది.

పేరు పెట్టే రోజున సుక్కి వాకిలి జనంతో నిండింది. వడ్డె వచ్చాడు. పసుపు కలిపిన బియ్యం, దీపం, కొత్త చాట సిద్ధంగా ఉన్నాయి. స్రవంతి కూడా డ్యూటీ మధ్యలో వచ్చి ఒక పక్కన నిలబడింది. బుధ్రాం చూరు కింద కూర్చున్నాడు. మంగి పిల్లను చాటలో పడుకోబెట్టి, లక్మే మొహం చూడలేక చూడలేక చూసింది.

వడ్డె అడిగాడు. "గుర్తు పెట్టిన తల్లివి నువ్వు. చెప్పు. ఇది నీ గుర్తేనా?"

లక్మే చాట ముందు కూర్చుంది. మచ్చ ఉన్న కాలు పట్టుకుంది. ఔను అనడానికి ఆమె లోపలిదంతా గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట చాలు, ఇరవయ్యేళ్ల వెతుకులాట ముగుస్తుంది. ఊరంతా నమ్ముతుంది. కాదనే హక్కు ఎవరికీ లేదు. కాదనగలిగిన మనిషి ఒక్క బుధ్రామే, అతను నోరు విప్పడు.

"నాకు తెల్వదు" అంది.

జనంలో కలకలం రేగింది. "తెల్వదంటే ఏంది? పెట్టింది నువ్వే గదా" అని ఎవరో గొణిగారు.

"పెట్టింది నేనే. యే కాలుకు పెట్టిన్నో మరిచిన. ఎడమ అనుకుంటనే ఉన్న ఇన్నేండ్లు. ఇప్పుడు తెల్వదు. తెల్వకుండ ఈ పిల్ల మీద నా బిడ్డ బతుకు పెట్టను. మా ఇంటి కుండ మసి తీసింది మాత్రం యాదుంది, గంతే. మిగతాది పోయింది."

అప్పటిదాకా పిల్ల పక్కన కూర్చుని విసురుతున్న సుక్కి చెయ్యి ఆగింది.

"మీ కుండ ఏడిది లక్మే?" అంది ముసలామె. "క్యాంపులకు మీరు వట్టి చేతులతోని వచ్చిండ్రు. మీ కుండలన్నీ ఊర్లనే పాయె. ఆ దినం నువ్వు కుండ కోసం చేతులు చాపితే నా పొయ్యి మీది కుండ దించి ఇచ్చింది నేను గాదా? అంబలి సగం ఉండె అండ్ల. వంచి ఇచ్చిన. ఆ మసి నాదే. మా ఇంటిదే."

లక్మే ముసలామె మొహం చూస్తూ ఉండిపోయింది. తనకు గుర్తున్న చివరి ముక్క కూడా తప్పని తేలిపోయింది. తన కుండ, తన పొయ్యి, తన మసి, అన్నీ తర్వాత తాను అల్లుకున్నవే. కానీ అదే మాట ఇంకొకటి కూడా చెబుతోంది. మసి ఈ ఇంటిది. పిల్ల వచ్చింది ఈ ఇంటికి. ఈ సంగతి ఆమె ఊహించింది కాదు, వెతికి తెచ్చుకున్నది కాదు, ఇప్పుడే ఇంకొకరి నోట విన్నది. ఒకే మాట ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇస్తుంటే ఏది పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. సుక్కి కూడా పొరబడి ఉండొచ్చు. ముసలామెకు మనసులో కోరిక ఉండొచ్చు. ఆ సంగతి లక్మేకు ఇప్పుడు అందరికన్నా బాగా తెలుసు. తెలిసినా రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

వడ్డె గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడేమంటవు లక్మే?"

"ఇప్పుడు కూడా తెల్వదు" అంది. ఈసారి ఆ మాట అంటుంటే గొంతులో దుఃఖం లేదు. "పిల్లకు కొత్త పేరు పెట్టుండ్రి. మంగికి నచ్చిన పేరు. దీని ఈడు దీనిది, దీని ఆయుస్సు దీనిది. ఒకవేళ వచ్చింది అమ్మూనే అయితే, యే పేరుతోని పిలిచినా పలుకుతది."

మంగి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే పేరు చెప్పింది. పూనం. వడ్డె బియ్యం చల్లాడు. చూరు కింద నుంచి బుధ్రాం లేచి వచ్చి, మొదటిసారి, చాట పక్కన లక్మేకు ఆనుకుని కూర్చున్నాడు.

"ముందుగాల నువ్వే పిలువు అత్తా" అంది మంగి.

లక్మే వంగి, పిల్ల మొహంలోకి చూసి, పూనం అని పిలిచింది. పిల్ల కళ్లు మెల్లగా ఆమె వైపు తిప్పింది. ఆ వయసు పిల్లలు ఏ చప్పుడైనా అటు తిరుగుతారని లక్మేకు తెలుసు, ట్రైనింగులో చెప్పారు, తను ఎంతమంది తల్లులకో చెప్పింది. అది తెలిసే, ఆమె ఇంకోసారి పిలిచింది.